ఫార్మాట్ కొట్టే ముందు యాడ్-ఇన్‌లు చూడండి

సంపాదకుల వారికి,

ఈమెయిల్ ప్రోగ్రామ్ తెరిచిన కాసేపటికే దానంతటదే మూసుకుపోతోందని కంప్యూటర్‌ను షాపుకు తీసుకెళితే మన ఊళ్ళలో మొదట వినిపించే మాట "ఫార్మాట్ కొట్టాలి" అని. నెలలో 20వ తేదీ దగ్గరపడి జీఎస్టీ రిటర్నుల హడావుడిలో ఉన్న ఆడిటర్ ఆఫీసు దానికి సరేనంటుంది. వేరే దారి ఉందని చెప్పేవాళ్ళు ఉండరు కదా. ఫార్మాట్ అయ్యాక మెయిల్ చక్కగా తెరుచుకుంటుంది కూడా. పాత సాఫ్ట్‌వేర్లన్నీ ఒక్కొక్కటిగా మళ్ళీ ఎక్కించాక అదే ప్రోగ్రామ్ అదే తీరున కూలుతుంది. ఈలోగా ఆ కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా లేని పాత మెయిళ్ళు పోయి ఉంటాయి.

ఇలా కూలడానికి కారణం చాలాసార్లు ఈమెయిల్ ప్రోగ్రామూ కాదు, విండోసూ కాదు. వేరే సాఫ్ట్‌వేర్లు దాని లోపలికి చొప్పించిన ప్లగిన్ లేదా యాడ్-ఇన్. దాన్ని పట్టుకోవడానికి పైసా ఖర్చు లేదు. అరగంట ఓపిక ఉంటే ఆఫీసులో కూర్చున్నవాళ్ళే చేసుకోగలరు. ఆ పద్ధతి మీ పాఠకులకు వివరంగా చెప్పాలనే ఈ ఉత్తరం.

మొదట ఇది ఎందుకు జరుగుతుందో తెలియాలి. క్లాసిక్ అవుట్‌లుక్ (కంప్యూటర్‌లో ఎక్కించుకునే మైక్రోసాఫ్ట్ పాత తరహా మెయిల్ ప్రోగ్రామ్) వాడే కామ్ యాడ్-ఇన్‌లు నిజానికి డీఎల్ఎల్ ఫైళ్ళు, అంటే వేరే ప్రోగ్రామ్ లోపలికి లోడ్ అయ్యే కోడ్ ముక్కలు. అవి విడిగా నడిచే ప్రోగ్రాములు కావు. అవుట్‌లుక్ ప్రాసెస్‌లోనే, దాని మెమరీలోనే నడుస్తాయి. యాడ్-ఇన్ తనది కాని చోట చెయ్యి పెడితే విండోస్ ఆపేది యాడ్-ఇన్ ఒక్కదాన్నే కాదు, అవుట్‌లుక్ మొత్తాన్ని. ఒకే మీటరు మీద ఉన్న రెండు వాటాల్లో ఒకరి వల్ల ఫ్యూజు పోతే రెండో ఇల్లూ చీకటైపోయినట్టే. యాంటీవైరస్ తెచ్చే మెయిల్ స్కానర్, పీడీఎఫ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ పెట్టే బటన్, వీడియో మీటింగుల యాప్, ఫోన్ సింక్ చేసేది, కస్టమర్ల వివరాలు నమోదుచేసే సాఫ్ట్‌వేర్... ఇవన్నీ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు అవుట్‌లుక్‌లో తమ ముక్కను పెడతాయి. "నెక్స్ట్, నెక్స్ట్" అని నొక్కుకుంటూ పోయేవారికి ఆ సంగతే తెలియదు.

బ్రౌజర్ ప్లగిన్లకూ ఈమెయిల్‌కూ ఉన్న లంకె పాతదే. అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ రోజుల్లో మెయిల్‌ను తెర మీద చూపించే పని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఇంజిన్‌దే. థండర్‌బర్డ్ మెయిల్ ప్రోగ్రామ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ రెండూ గెక్కో అనే ఒకే ఇంజిన్ మీద కట్టినవి కాబట్టి బ్రౌజర్ కోసం ఎక్కించిన ఫ్లాష్, జావా లాంటి ప్లగిన్లు మెయిల్ ప్రోగ్రామ్‌కూ కనబడేవి. ఆ తరం ప్లగిన్లకు క్రోమ్ 2015లో తలుపు మూసింది. ఫైర్‌ఫాక్స్ 2017 మార్చిలో ఫ్లాష్ ఒక్కటి తప్ప మిగతావాటిని ఆపేసింది. ఫ్లాష్‌కు అడోబీ మద్దతు 2020 డిసెంబరు 31తో ముగిసింది. అందువల్ల "మెయిల్ కూలితే ఫ్లాష్ అప్‌డేట్ చేయండి" అనే పాత సలహా ఈనాటికి పనికిరాదు, పైగా ప్రమాదం. ఇప్పుడు తెర మీదికి వచ్చి ఫ్లాష్ అప్‌డేట్ చేయమని అడిగేది ఏదైనా మోసమే, నొక్కకండి.

ఏ మరమ్మతు మొదలుపెట్టే ముందైనా మెయిళ్ళు ఎక్కడున్నాయో చూసుకోవాలి. అవుట్‌లుక్ తెరుచుకోగలిగితే ఫైల్, అకౌంట్ సెట్టింగ్స్, అందులో మళ్ళీ అకౌంట్ సెట్టింగ్స్ నొక్కండి. ఈమెయిల్ అనే ట్యాబ్‌లో మీ ఖాతా పక్కన పాప్ అని ఉందా, ఐమ్యాప్ లేదా ఎక్స్ఛేంజ్ అని ఉందా చూడండి. ఐమ్యాప్, ఎక్స్ఛేంజ్ ఖాతాల మెయిళ్ళు సర్వర్‌లో ఉంటాయి. కంప్యూటర్‌లో ఉండే ఓఎస్‌టీ ఫైలు వాటి నకలు మాత్రమే, అది పోయినా మళ్ళీ దిగుతుంది. పాప్ ఖాతా అలా కాదు. మెయిల్ ఒకసారి కంప్యూటర్‌లోకి దిగాక సర్వర్‌లో కొన్నాళ్ళే ఉంటుంది. అవుట్‌లుక్ మామూలుగా పెట్టే గడువు 14 రోజులు. ఆ తర్వాత మిగిలేది మీ కంప్యూటర్‌లోని పీఎస్‌టీ ఫైలే. డేటా ఫైల్స్ అనే ట్యాబ్‌లో అది ఏ ఫోల్డరులో ఉందో రాసి ఉంటుంది. ఎక్కువగా డాక్యుమెంట్స్‌లోని అవుట్‌లుక్ ఫైల్స్ ఫోల్డరులో ఉంటుంది. అవుట్‌లుక్ పూర్తిగా మూసి, ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌కో, వేరే హార్డ్‌డిస్కుకో కాపీ చేశాకే మిగతా పని. ఐమ్యాప్ వాడేవారు కూడా పాత మెయిళ్ళను ఆర్కైవ్ పేరుతో పీఎస్‌టీలోకి మార్చి ఉంటే ఆ ఫైలునూ కాపీ చేసుకోవాలి. చాలామంది మరచిపోయేది దీన్నే.

ఇక పరీక్ష. కీబోర్డులో కంట్రోల్ మీట నొక్కిపట్టి అవుట్‌లుక్ ఐకాన్‌ను తెరవండి. సేఫ్ మోడ్‌లో తెరవమంటారా అని అడుగుతుంది, అవునని చెప్పండి. లేదా విండోస్ మీటతో ఆర్ నొక్కి, వచ్చే రన్ పెట్టెలో ఇంగ్లిషులో అవుట్‌లుక్ డాట్ ఈఎక్స్ఈ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, సేఫ్ అని రాయండి. ఆ ఖాళీ వదలకపోతే పనిచేయదు. పై పట్టీలో సేఫ్ మోడ్ అని కనబడిందంటే కామ్ యాడ్-ఇన్‌లు ఏవీ లోడ్ కాలేదన్నమాట. ఇప్పుడు ఏ పని చేస్తే కూలేదో సరిగ్గా ఆ పనే చేయండి. పంపేటప్పుడు కూలితే ఒక మెయిల్ పంపండి, ఫలానా అటాచ్‌మెంట్ దగ్గర కూలితే దాన్నే తెరవండి. ఊరికే తెరిచి రెండు నిమిషాలు చూసి బాగుందనుకుంటే పరీక్ష చేయనట్టే.

సేఫ్ మోడ్‌లో కూడా కూలితే తప్పు యాడ్-ఇన్‌లది కాదు. కంట్రోల్ ప్యానెల్‌లోని మెయిల్‌లో కొత్త ప్రొఫైల్ (ఖాతాల అమరిక) చేసి చూడండి. లాభం లేకపోతే విండోస్ సెట్టింగ్స్‌లోని యాప్స్‌కు వెళ్ళి, ఆఫీస్ దగ్గర మాడిఫై నొక్కి, ముందు క్విక్ రిపేర్, తర్వాత ఆన్‌లైన్ రిపేర్ చేయించండి. పీఎస్‌టీ చెడిందని అనుమానముంటే ఆఫీస్‌తో పాటే వచ్చే స్కాన్‌పీఎస్‌టీ అనే సాధనం ఉంది. కాపీ తీసుకున్నాకే దాన్ని నడపాలి, తప్పులు లేవని చెప్పేదాకా మళ్ళీ మళ్ళీ నడపాలి.

సేఫ్ మోడ్‌లో బాగా నడిచిందంటే ఇంట్లో దొంగ ఉన్నాడని తేలినట్టే. ఫైల్, ఆప్షన్స్, యాడ్-ఇన్స్‌కు వెళ్ళండి. అడుగున మేనేజ్ అనే చోట కామ్ యాడ్-ఇన్స్ ఎంచి గో నొక్కితే టిక్కులతో జాబితా వస్తుంది. దాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి, ఏవి ముందు నుంచి ఆన్‌లో ఉన్నాయో తర్వాత గుర్తుండదు. అన్ని టిక్కులూ తీసేసి, అవుట్‌లుక్ మూసి, మామూలుగా తెరవండి. మూసిన తర్వాత టాస్క్ మేనేజర్‌లో అవుట్‌లుక్ నిజంగా పోయిందో లేదో చూడాలి. కూలిన ప్రోగ్రామ్ వెనకాల ఇంకా వేలాడుతుంటే తెరిచింది పాత ప్రాసెస్సే అవుతుంది, మీరు చేసిన మార్పు అందులోకి రాదు.

అన్నీ తీశాక బాగుంటే సగం యాడ్-ఇన్‌లకు టిక్కు పెట్టండి. కూలిందా, దోషి ఆ సగంలో ఉంది. కూలలేదా, మిగతా సగంలో ఉంది. ఆ సగాన్ని మళ్ళీ సగం చేయండి. 8 యాడ్-ఇన్‌లుంటే 3 పరీక్షల్లో తేలిపోతుంది. ఒక్కొక్కటే తీసి చూసే అలవాటు వల్ల మధ్యాహ్నమంతా పోతుంది. కొన్ని టిక్కులు తీయనివ్వదు. అవి కంప్యూటర్‌లోని వాడకందార్లందరికీ కలిపి ఇన్‌స్టాల్ అయినవి. అవుట్‌లుక్ అసలు ఫైలు మీద కుడి బటన్ నొక్కి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరిస్తే అప్పుడు టిక్కు తీయవచ్చు.

ఈ సగాల లెక్క ఒక చోట తప్పుదారి పట్టిస్తుంది. ఒక యాడ్-ఇన్ ఒంటరిగా బాగుంటుంది, రెండోదీ ఒంటరిగా బాగుంటుంది, రెండూ కలిస్తేనే కూలుతుంది. అసలు సిసలు ఘర్షణ అంటే ఇదే. ఉదాహరణకు యాంటీవైరస్ యాడ్-ఇన్, కస్టమర్ల వివరాలు నమోదుచేసే యాడ్-ఇన్ రెండూ "సెండ్" నొక్కిన క్షణంలోనే రంగంలోకి దిగుతాయి. ఒకటి మెయిల్‌ను మార్చేసి వదిలేస్తుంది. రెండోది పాత మెయిల్ ఉన్న మెమరీ చోటును ఇంకా పట్టుకుని ఉంటుంది, అక్కడ చదవబోయి అవుట్‌లుక్‌ను కూలుస్తుంది. సగాలు చేసుకుంటూ పోతుంటే ఏ సగమూ కూలకపోతే ఇదే అనుమానించండి. అప్పుడు అన్నీ ఆన్‌లో పెట్టి ఒక్కొక్కటే తీయాలి. ఏది తీస్తే ఆగుతుందో అది జంటలో ఒకటి. దాన్ని మళ్ళీ పెట్టి మిగతావాటిని కూడా ఇలాగే చూస్తే రెండోది బయటపడుతుంది.

దొరికాక టిక్కు తీసి ఊరుకుంటే చాలదు. యాంటీవైరస్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ తన యాడ్-ఇన్‌ను తిరిగి నమోదు చేసుకోగలదు. అందుకే ఆ సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లోకే వెళ్ళి అవుట్‌లుక్ భాగాన్ని ఆపాలి, లేదా దాని కొత్త వెర్షన్ ఎక్కించి చూడాలి. అవుట్‌లుక్‌లోని స్కానర్ ఆపినంత మాత్రాన యాంటీవైరస్ తీసేసినట్టు కాదు. అటాచ్‌మెంట్‌ను డిస్కులో సేవ్ చేసినప్పుడో తెరిచినప్పుడో ఫైళ్ళను కాపలా కాసే భాగం దాన్ని చూస్తూనే ఉంటుంది.

అవుట్‌లుక్ తనంతట తానే కొన్నింటిని ఆపుతుందని కూడా తెలుసుకోవాలి. వరుసగా 5 సార్లు తెరిచినప్పుడు ఒక యాడ్-ఇన్ లోడ్ కావడానికి పట్టిన సమయాల మధ్యస్థం 1000 మిల్లీసెకన్లు దాటితే 2013 వెర్షన్ నుంచి దాన్ని ఆపేస్తుంది. కూలడానికి కారణమైందని గుర్తించినవాటినీ పక్కన పెడుతుంది. ఆపినవాటి పేర్లు ఫైల్ మెనూలోని స్లో అండ్ డిజేబుల్డ్ యాడ్-ఇన్స్ అనే చోట ఉంటాయి. అక్కడున్న "ఆల్వేస్ ఎనేబుల్" బటన్‌ను కారణం తెలుసుకోకుండా నొక్కవద్దు.

ఏ టిక్కూ ముట్టుకోకుండా దోషి పేరు చదవగలిగే చోటు ఇంకొకటి ఉంది. అదే ఈవెంట్ వ్యూయర్. స్టార్ట్ మెనూలో ఆ పేరు కొట్టి తెరవండి. విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్ నొక్కి, మెయిల్ కూలిన సమయానికి ఎర్ర గుర్తుతో, సోర్స్ అప్లికేషన్ ఎర్రర్ అని, ఈవెంట్ ఐడీ 1000 అని ఉన్న పంక్తిని చూడండి. ఫాల్టింగ్ మాడ్యూల్ నేమ్, ఫాల్టింగ్ మాడ్యూల్ పాత్ అనే రెండు పంక్తులు ముఖ్యం. పాత్‌లో మీ యాంటీవైరస్ ఫోల్డరో, పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్ ఫోల్డరో కనిపిస్తే పని దాదాపు అయిపోయింది. ఎన్‌టీడీఎల్ఎల్, కెర్నెల్‌బేస్ లాంటి విండోస్ సొంత ఫైళ్ళ పేర్లుంటే మాత్రం వాటిని దోషులనుకోకండి. దెబ్బ తగిలిన చోటు అది, కొట్టింది ఎవరో అక్కడ రాయలేదు. ఎక్సెప్షన్ కోడ్ సి0000005తో ముగిస్తే మెమరీలో తనది కాని చోటు తాకారని అర్థం. యాడ్-ఇన్ గొడవల్లో తరచూ కనిపించే కోడ్ ఇదే. అవుట్‌లుక్ పేరుతోనే ఈవెంట్ ఐడీ 45 కూడా ఉంటుంది. ఆ రోజు ఏ యాడ్-ఇన్‌లు లోడ్ అయ్యాయో, ఒక్కోదానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో అందులో రాసి ఉంటుంది.

మెయిల్ బాగానే తెరుచుకుని, దాంట్లోని పీడీఎఫ్ మీద నొక్కగానే బిగుసుకుపోతుంటే కామ్ యాడ్-ఇన్ల జాబితాలో వెతికి లాభం లేదు. అది అటాచ్‌మెంట్‌ను మెయిల్‌లోనే చూపించే ప్రివ్యూయర్ పని. ఆప్షన్స్, ట్రస్ట్ సెంటర్, ట్రస్ట్ సెంటర్ సెట్టింగ్స్, అటాచ్‌మెంట్ హ్యాండ్లింగ్‌కు వెళ్ళి అటాచ్‌మెంట్ అండ్ డాక్యుమెంట్ ప్రివ్యూయర్స్‌లో పీడీఎఫ్ టిక్కు తీసేయండి.

థండర్‌బర్డ్ వాడేవారికి పద్ధతి ఇదే, పేర్లు వేరు. హెల్ప్‌లో ట్రబుల్‌షూట్ మోడ్ ఉంది, లేదా షిఫ్ట్ నొక్కిపట్టి తెరవవచ్చు. ఇక్కడ ఒక తిరకాసు: ఈ మోడ్ యాడ్-ఆన్‌లతో పాటు గ్రాఫిక్స్ హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌ను (తెర మీద గీసే పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించడాన్ని) కూడా ఆపుతుంది. కాబట్టి ఇందులో బాగుందంటే నేరం యాడ్-ఆన్‌దని వెంటనే తేల్చకూడదు. మామూలుగా తెరిచి, సెట్టింగ్స్‌లోని జనరల్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ టిక్కు ఒక్కటే తీసి చూడండి. కూలడం ఆగితే డిస్‌ప్లే డ్రైవర్‌ను అప్‌డేట్ చేయాలి. ఆగకపోతే యాడ్-ఆన్స్ అండ్ థీమ్స్‌లో సగాల లెక్క మొదలుపెట్టండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు థండర్‌బర్డ్ మీదా, కంప్యూటర్ మీదా పూర్తి అధికారం కావాలని అడిగిన యాడ్-ఆన్‌లను మొదట తీయండి. అవి ప్రోగ్రామ్ లోపలి భాగాలను నేరుగా ముట్టుకుంటాయి, వెర్షన్ మారినప్పుడు విరిగేవి ఎక్కువగా అవే. 2020లో వచ్చిన 78వ వెర్షన్‌తో పాత తరహా యాడ్-ఆన్‌లు మొత్తంగా ఆగిపోయాయి. అయినా వాటికోసం ఇప్పటికీ పాత వెర్షన్ వెతికి ఎక్కించేవారున్నారు, భద్రతా సవరణలు రాని మెయిల్ ప్రోగ్రామ్ వాడటం కంటే ఆ యాడ్-ఆన్ వదులుకోవడం నయం.

థండర్‌బర్డ్‌లో యాంటీవైరస్ తెచ్చే ముప్పు ఇంకా పెద్దది. మామూలు అమరికలో ఒక ఫోల్డరులోని మెయిళ్ళన్నీ ఒకే ఫైలులో ఉంటాయి. ఇన్‌బాక్స్‌లో ఒక్క వైరస్ మెయిల్ కనబడితే యాంటీవైరస్ ఆ ఫైలు మొత్తాన్ని క్వారంటైన్‌కు పంపవచ్చు, అప్పుడు ఇన్‌బాక్స్ అంతా ఖాళీగా కనబడుతుంది. హెల్ప్‌లోని ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్‌లో ప్రొఫైల్ ఫోల్డరు తెరిచే బటన్ ఉంది. ఆ ఫోల్డరును యాంటీవైరస్ మినహాయింపుల్లో చేర్చండి. థండర్‌బర్డ్ మూసి దాన్ని వారానికోసారి కాపీ చేసుకోండి. అందులో ఎంఎస్ఎఫ్ అని ముగిసే ఫైళ్ళు సూచికలు మాత్రమే, చెరిపినా తిరిగి తయారవుతాయి. అదే పేరుతో, చివర ఏమీ లేకుండా ఉన్నవి అసలు మెయిళ్ళు. వాటి జోలికి పోవద్దు.

జీమెయిల్‌ను బ్రౌజర్‌లోనే చూసేవారికి పని తేలిక. కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కి ఇన్‌కాగ్నిటో కిటికీలో మెయిల్ తెరవండి. మీరు ప్రత్యేకంగా అనుమతిచ్చినవి తప్ప ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములు) అక్కడ నడవవు. అక్కడ బాగుంటే నేరం చాలావరకు ఎక్స్‌టెన్షన్‌దే. క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ నొక్కితే ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత మెమరీ తింటోందో కనిపిస్తుంది. మెయిల్ రాసే పెట్టెలోకి చేయి పెట్టేవి, అంటే వ్యాకరణం దిద్దేవి, మెయిల్ ఎవరు చదివారో చెప్పేవి, ప్రకటనలు ఆపేవి రెండు మూడు కలిసినచోట గొడవ ఎక్కువ. ఒకే పని చేసేవి రెండు ఉంచుకోవద్దు.

కొత్త అవుట్‌లుక్‌కు మారితే ఈ బాధ ఉండదని చెప్పేవారున్నారు. అది ఎడ్జ్ బ్రౌజర్ ఇంజిన్ అయిన వెబ్‌వ్యూ2 మీద నడుస్తుంది, కామ్ యాడ్-ఇన్‌లను అసలు తీసుకోదు. కూలడం తగ్గడం నిజమే, కానీ ఆ యాడ్-ఇన్ చేసే పని మీ ఆఫీసుకు అవసరమైతే అదీ ఆగిపోతుంది. క్లాసిక్‌కు కనీసం 2029 దాకా మద్దతు ఉంటుందని మైక్రోసాఫ్ట్ చెప్పింది కనుక తొందర లేదు. కొత్తదే కూలుతుంటే విండోస్ సెట్టింగ్స్‌లోని యాప్స్ జాబితాలో వెబ్‌వ్యూ2 రన్‌టైమ్ దగ్గర మాడిఫై, రిపేర్ నొక్కండి.

తప్పు యాప్‌లో ఉండకపోవచ్చని తెలుగువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. 2018 ఫిబ్రవరిలో మన జ్ఞా అక్షరం ఒక ప్రత్యేక కూర్పులో వస్తే ఐఫోన్లలో మెసేజీల యాప్‌లూ మెయిల్ యాప్‌లూ వరసగా కూలాయి. యాప్ తీసి మళ్ళీ ఎక్కించినవారికి ఉపయోగం లేకపోయింది. లోపం అక్షరాలను తెర మీద కూర్చే భాగంలో ఉంది, అదే నెల 19న వచ్చిన ఐఓఎస్ 11.2.6తో సరయింది.

ఇంకొక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. మెయిల్ ఆగిపోగానే కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతికేవారికి దొరికేవాటిలో నకిలీలు చాలా. వాళ్ళు ఎనీడెస్క్ లాంటి, దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ వేయించి, కంప్యూటర్‌లోకి వచ్చి, పైన చెప్పిన ఈవెంట్ వ్యూయర్‌నే తెరిచి ఎర్ర, పసుపు గుర్తులు చూపించి "ఇవన్నీ వైరస్‌లు" అని భయపెడతారు. కొత్తగా కొన్న కంప్యూటర్‌లోనూ ఆ గుర్తులుంటాయి. కూలిన క్షణానికి సరిపోయే ఒక్క పంక్తి తప్ప మిగతావాటితో మనకు పని లేదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఈ విషయంలో మీ పత్రికకు రెండు విన్నపాలు. ఉపయోగపడే ఎక్స్‌టెన్షన్లంటూ టెక్నాలజీ పేజీలో జాబితాలు వేసేటప్పుడు, వాటిని ఎలా ఆపాలో, ఎలా తీసేయాలో కూడా పక్కనే రెండు పంక్తులు వేయండి. ఎక్కించడం అందరికీ వచ్చు, తీయడం దగ్గరే ఆగిపోతున్నారు. ఇంకొకటి, రిపేరు షాపుకు వెళ్ళేవారు బిల్లు మీద "ఫార్మాట్" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకుండా మూడు సంగతులు రాయించుకోవాలని మీ పాఠకులకు చెప్పండి: సేఫ్ మోడ్‌లో చూశారా, ఈవెంట్ 1000లో ఏ మాడ్యూల్ పేరు వచ్చింది, పీఎస్‌టీ కాపీ ఎక్కడ పెట్టారు. ఆ షాపులు నడిపేవారిలో చాలామంది పని తెలిసినవారే. అడిగేవారుంటే ఈ మూడూ చూసి రాయడానికి వాళ్ళకు కష్టం లేదు.

— ఆఫీసు కంప్యూటర్ల నిర్వహణలో ఉన్న ఒక పాఠకుడు, గుంటూరు